సెబాస్టియన్ కో గారికి బహిరంగ లేఖ: కారా గౌచర్‌కి మీరు ఇంకా బాకీ ఉన్నారు

వరల్డ్ అథ్లెటిక్స్ అధ్యక్షులు సెబాస్టియన్ కో గారికి నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీ కార్యాలయానికి ఇంగ్లీషు ప్రతి విడిగా పంపుతున్నాను, కానీ ముందు మావాళ్లు చదవాలని నా కోరిక. అమెరికాలో మా తెలుగు ఇళ్లలో పిల్లలు ఇప్పుడు హైస్కూల్ క్రాస్ కంట్రీ టీముల్లో పరుగెత్తుతున్నారు, మా అమ్మాయి కూడా పరుగెత్తుతోంది. పొద్దున్నే లేపి ప్రాక్టీస్‌కి దింపి వచ్చే తల్లిదండ్రులకి ఈ ఆటలో పైకి వెళ్లాక డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, గెలిచిన పతకం ఎలా చేజారుతుందో, చేజారినది తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పేవాళ్లు లేరు. అమెరికా రన్నర్ కారా గౌచర్ కథ చూసి నేను తెలుసుకున్నది చెబుతాను, చెప్పి మిమ్మల్ని అడగాల్సింది అడుగుతాను.

డోపింగ్ చేసినవాళ్ల వల్ల వెనక్కి నెట్టబడిన రన్నర్‌కి ఏళ్ల తర్వాత పిలిచి మెడలో పతకం వేస్తే మీ పని అయిపోదు. ప్రైజ్ మనీలో తేడా ఎంతో అది మీ సంస్థ నిధుల్లోంచి అప్పటికప్పుడే ఇవ్వాలి, మోసం చేసినవాళ్ల దగ్గర వసూలు చేసుకోవడం తర్వాత మీరు చూసుకోవాలి. డోపింగ్ పరీక్షల కోసం అథ్లెట్ల దగ్గర తీసి దాచిపెట్టిన పాత శాంపిల్స్‌ని గడువు తీరకముందే మళ్లీ పరీక్షించి, ఎన్ని పరీక్షించారో లెక్క బయటపెట్టాలి. నేను అడిగేది ఇదే.

2007 ఆగస్టు 25, జపాన్‌లోని ఒసాకా. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల్లో మహిళల 10,000 మీటర్ల ఫైనల్, అంటే ట్రాక్ చుట్టూ 25 ల్యాపులు, అదీ అక్కడి ఆగస్టు ఉక్కపోతలో. ఇథియోపియా అమ్మాయి తిరునేష్ దిబాబా మధ్యలో కింద పడిపోయి, లేచి, కడుపునొప్పితోనే పరుగెత్తి 31 నిమిషాల 55.41 సెకన్లలో గెలిచింది. అలాంటి పరుగు చూడటం అదృష్టం, దాని మీద ఎవరికీ అనుమానం లేదు. రెండో స్థానం టర్కీ తరఫున పరుగెత్తిన ఎల్వాన్ అబెయ్‌లెగెస్సేది, 31:59.40; డోపింగ్ చేసిందని తేలి ఆ ఫలితం 2017లో రద్దయింది. మూడో స్థానంలో 32:02.05తో వచ్చిన అమెరికన్ కారా గౌచర్. ఆ వెనకే రెండు సెకన్లు కూడా తేడా లేకుండా బ్రిటన్ అమ్మాయి జో పేవీ నాలుగో స్థానంలో వచ్చి, పతకం లేకుండా ఇంటికెళ్లింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల చరిత్రలో 10,000 మీటర్లలో ఒక అమెరికా మహిళకి పతకం రావడం అదే మొదటిసారి, కాబట్టి కాంస్యానికే కారా ఉప్పొంగిపోయింది. ఆ రోజుకి ఆమె వయసు 29.

అక్కడిదాకా ఆమె ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. పుట్టింది 1978లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో. ఊహ తెలిసీ తెలియని వయసులోనే, తాగి కారు నడిపిన ఒకడి వల్ల తండ్రి చనిపోయాడు. తల్లి ఆడపిల్లల్ని తీసుకుని మిన్నెసోటాలోని డులూత్‌కి, పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో చలికాలం ఎలా ఉంటుందో మిన్నెసోటాలో ఉండే మన తెలుగువాళ్లని అడిగితే చెబుతారు. కొలరాడో యూనివర్సిటీలో చదువుతూ 2000 సంవత్సరం ఒక్కదాంట్లోనే ట్రాక్ మీద 3,000, 5,000 మీటర్లు, ఆ తర్వాత క్రాస్ కంట్రీ, మూడూ జాతీయ కాలేజీ టైటిళ్లు గెలిచింది. తర్వాత కొన్నేళ్లు గాయాలు. 2004లో భర్తతో కలిసి పోర్ట్‌లాండ్ వెళ్లి షూ కంపెనీ నైకీ నడిపిన ఒరెగాన్ ప్రాజెక్ట్ అనే టీములో కోచ్ ఆల్బెర్టో సాలజార్ దగ్గర శిక్షణకి చేరింది. ఆ మూడేళ్లకి ఒసాకా.

ఇప్పుడు డబ్బు సంగతి. అమెరికాలో ప్రొఫెషనల్ రన్నర్ అంటే నెలజీతం ఉన్న ఉద్యోగి అనుకోవద్దు. రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం లాంటిది అక్కడ లేదు. ప్రధానంగా బతికించేది షూ కంపెనీతో కాంట్రాక్ట్. పతకానికి బోనస్, ర్యాంకు తగ్గితే కోత, నిర్ణీత కాలం పోటీల్లో కనబడకపోతే ఇంకో కోత. దాని మీద రోడ్ రేసుల వాళ్లు పిలిచి ఇచ్చే అప్పియరెన్స్ ఫీజు, అది కూడా పేరు ముందు ఏ బిరుదు ఉందో చూసి ఇచ్చేదే. ఒసాకాలో మీ సమాఖ్య ఇచ్చిన ప్రైజ్ మనీ స్వర్ణానికి 60,000 డాలర్లు, రజతానికి 30,000, కాంస్యానికి 20,000, నాలుగో స్థానానికి 15,000. కాగితం మీద కారాకి తేడా 10,000 డాలర్లు, పేవీకి 5,000. అసలు తేడా ఆ పైన ఉండేదంతా, బోనసులు, తర్వాతి కాంట్రాక్ట్ బేరం, "ప్రపంచ రజత పతక విజేత" అని పోస్టర్ మీద వేసుకునే హక్కు. దానికి ఎవరూ రశీదు ఇవ్వలేరు కాబట్టే ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాతి సంవత్సరాలు చూడండి. 2008 నవంబర్‌లో న్యూయార్క్‌లో మొదటి మారథాన్, 2:25:53తో మూడో స్థానం. 2009 బోస్టన్‌లో చివరిదాకా ముందు నడిచి, ఆఖరికి సాలినా కొస్గె, దిరె తునె వెనక మూడో స్థానం, గెలిచినామెకీ ఈమెకీ మధ్య తొమ్మిది సెకన్లు. 2010 సెప్టెంబర్‌లో కొడుకు పుట్టాడు. గర్భంతో పోటీలకి దూరంగా ఉన్న కాలానికి, మళ్లీ రేసుల్లో దిగేదాకా నైకీ తనకి డబ్బు ఆపేసిందని కారా 2019లో న్యూయార్క్ టైమ్స్‌కి చెప్పింది. బిడ్డ పుట్టిన మూడు నెలలకే హాఫ్ మారథాన్ పెట్టుకుంది, మధ్యలో పిల్లాడికి ప్రాణం మీదకి వస్తే ఆస్పత్రికీ ట్రైనింగ్‌కీ మధ్య నలిగిపోయింది. ఒక తండ్రిగా ఆ మాటలు చదివి నాకు చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. కాన్పు అయిన ఏడు నెలలకి, 2011 ఏప్రిల్‌లో, బోస్టన్‌లో 2:24:52 పరుగెత్తింది, అదే ఆమె జీవితంలో అత్యుత్తమ మారథాన్ టైమ్. ఆమె, తోటి అమెరికా రన్నర్లు అలీషియా మాంటానో, అల్లిసన్ ఫీలిక్స్ నోరు విప్పాక 2019 ఆగస్టులో నైకీ తన పద్ధతి మార్చుకుని, గర్భం వచ్చిన క్రీడాకారిణులకి 18 నెలలపాటు కోత పెట్టబోనని ప్రకటించింది. కారా విషయంలో అది తొమ్మిదేళ్లు ఆలస్యం.

కో గారూ, కాంట్రాక్టులు మీ చేతుల్లో ఉండవని నాకు తెలుసు. కానీ 2010లో ఆమె ఆ కంపెనీ ముందు కూర్చున్నప్పుడు ప్రపంచ కాంస్య విజేతగా కూర్చుంది, న్యాయంగా అయితే రజత విజేతగా కూర్చోవాలి. దానివల్ల ఏం మారేదో లెక్క తేల్చలేం. మారే అవకాశాన్ని మాత్రం ఆమె దగ్గర తీసేసుకున్నారు, అది మీ సమాఖ్య నడిపిన రేసులోనే జరిగింది.

ఒసాకా శాంపిల్స్‌ని ఫ్రీజర్‌లో దాచి ఉంచారు. 2005, 2007 ఛాంపియన్‌షిప్‌ల శాంపిల్స్‌ని కొత్త పద్ధతుల్లో మళ్లీ పరీక్షిస్తే 28 మంది దొరికారని మీ సమాఖ్య 2015 ఆగస్టులో ప్రకటించింది, సరిగ్గా మీరు అధ్యక్షులుగా ఎన్నికైన నెల. అబెయ్‌లెగెస్సే ఫలితాలు రద్దు చేస్తూ నిర్ణయం వచ్చింది 2017 మార్చిలో. ప్రకటనకీ నిర్ణయానికీ మధ్యే ఏడాదిన్నర దాటింది. ఆ ఏడాదిన్నరలో, 2016 ఫిబ్రవరిలో, లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఒలింపిక్ మారథాన్ ట్రయల్స్‌లో కారా నాలుగో స్థానంలో వచ్చింది. రియోకి వెళ్లేది మొదటి ముగ్గురే. ఒసాకా రజతం తనదని అధికారికంగా తేలేసరికి ఆమెకి 38 ఏళ్లు. పేవీకి 2017 ఆగస్టులో లండన్ స్టేడియంలో కాంస్యం ఇచ్చారు, అప్పటికి ఆమెకి 43. సొంత జనం ముందు ఇచ్చారు, అది మంచి పనే, ఆ ఒక్క విషయంలో మీకు కృతజ్ఞతలు చెప్పాలి.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లోనూ ఇదే కథ. 10,000 మీటర్లలో షలేన్ ఫ్లానగన్ 30:22.22తో అమెరికా రికార్డు కొట్టి కాంస్యం తెచ్చుకుంది, అదే టర్కీ రన్నర్ ఫలితం రద్దయ్యాక అది కూడా రజతమైంది. మా దేశానికీ ఇది కొత్త కాదు. లాంగ్ జంప్‌లో అంజూ బాబీ జార్జ్‌కి 2005లో మొనాకోలో జరిగిన వరల్డ్ అథ్లెటిక్స్ ఫైనల్‌లో రజతం ఇచ్చారు, అది నిజానికి స్వర్ణం అని తేలింది 2014లో. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మా మిక్స్‌డ్ రిలే టీముకి రజతం వస్తే, బహ్రెయిన్ రన్నర్ దొరికాక 2020లో అది స్వర్ణమైంది. పేపర్లో ఒక మూల చిన్న వార్త, అంతే. ఊరేగింపు లేదు, స్టేడియంలో జాతీయగీతం లేదు.

ఇంత ఆలస్యం సహజమేనని, సైన్స్ ఎదగడానికి టైమ్ పడుతుందని మీవాళ్లు అంటారు. పరీక్షల వరకు ఒప్పుకుంటాను. డబ్బు విషయంలో మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఇంకొకరు చేసి చూపించారు. 2014 బోస్టన్ మారథాన్‌లో గెలిచిన రీటా జెప్టూ మీద వేటు పడ్డాక, న్యూయార్క్‌లో ఉండే ఇథియోపియా రన్నర్ బుజునేష్ దెబా విజేత అయింది, 2:19:59తో కోర్సు రికార్డు కూడా 2025 దాకా ఆమెదే. పేరైతే మార్చారు గానీ డబ్బు చాలా ఏళ్లు రాలేదు. 2024లో ఆమె గురించి పత్రికలో చదివిన ఒక వ్యాపారి, ఎన్నడూ చూడని మనిషి, తన జేబులోంచి 75,000 డాలర్లు ఇచ్చాడు. ఆ తర్వాతే బోస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్ కదిలి, డోపింగ్ వల్ల నష్టపోయిన పాత రన్నర్లకి, మోసగాళ్ల నుంచి వసూలైనా కాకపోయినా, తానే చెల్లిస్తానని ప్రకటించింది. ఒక నగరంలో ఏడాదికి ఒక మారథాన్ నడిపే సంఘానికి సాధ్యమైంది మీకు కాదా? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్‌లో ప్రతి ఈవెంట్ స్వర్ణానికీ 50,000 డాలర్లు ఇస్తామని, అంతకుముందు ఏ సమాఖ్యా చేయని పని చేసి చూపించారు మీరు. ఒసాకాలో కారాకి రావాల్సిన తేడా అందులో ఐదో వంతు.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. కారా తన పతకం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 2011లో సాలజార్ టీము వదిలేసింది. 2013లో అమెరికా యాంటీ డోపింగ్ ఏజెన్సీ దగ్గరికి తానే వెళ్లి ఆ టీములో చూసినదంతా చెప్పింది. 2015లో ఆమె మాటలు మీడియాలో బయటికి వచ్చాక ఎన్ని నిందలు పడిందో అందరూ చూశారు. 2019 సెప్టెంబర్ 30న, మీ దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరుగుతుండగానే, సాలజార్‌పై నాలుగేళ్ల నిషేధం పడింది, 2021లో క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు దాన్ని సమర్థించింది. ఆటని శుభ్రం చేయడానికి మీ సంస్థ చేయాల్సిన పనిలో కొంత భాగం, తన కెరీర్ ఇంకా నడుస్తుండగానే, ఒక రన్నర్ చేసిపెట్టింది. ఇవాళ ఆమెకి డిస్టోనియా అనే నాడీ సంబంధ సమస్య ఉంది, ఒకప్పటిలా పరుగెత్తడం ఆమెకి ఇక కుదరదు. టీవీలో కామెంటరీ చెబుతోంది, ఇంకా ఈ ఆటనే ప్రేమిస్తోంది.

మీకు ఈ బాధ తెలియనిది కాదు. 1978లో ప్రాగ్‌లో యూరోపియన్ 800 మీటర్ల ఫైనల్‌లో మీరు మూడో స్థానంలో వచ్చారు, గెలిచింది తూర్పు జర్మనీ రన్నర్. ఆ దేశ ప్రభుత్వమే దగ్గరుండి డోపింగ్ నడిపిందని తర్వాత ఫైళ్లు బయటపడి లోకానికి తెలిసింది. పక్క లేన్‌లో ఉన్నవాళ్లని నమ్మలేని పరుగు ఎలా ఉంటుందో పరుగెత్తి చూసిన మనిషి మీరు. అందుకే మీ నుంచి ఎక్కువ ఆశిస్తున్నాను.

కాబట్టి అడుగుతున్నాను. పతకం మారిన ప్రతి అథ్లెట్‌కీ ప్రైజ్ మనీ తేడా, ఆలస్యమైన ఏళ్లకి వడ్డీతో సహా, సమాఖ్యే ముందుగా చెల్లిస్తుందని నియమం రాసి ప్రకటించండి, ఒసాకా నుంచే మొదలుపెట్టండి. పతకం ఎక్కడ తీసుకోవాలో అథ్లెట్‌నే అడగండి, డులూత్‌లో కావాలంటే డులూత్‌కే మనిషిని పంపండి. శాంపిల్ తేడా వచ్చిందని తెలిసిన రోజే ఆ రేసులో వెనక వచ్చినవాళ్లకి సమాఖ్య నుంచి ఫోన్ వెళ్లాలి, వాళ్లు వార్తల్లో చదివి తెలుసుకునే పరిస్థితి ఉండకూడదు.

చివరిగా ఒక తేదీ. శాంపిల్స్ మీద చర్య తీసుకోవడానికి ఇప్పుడున్న గడువు పదేళ్లు. మీరు పేవీకి పతకం ఇచ్చిన ఆ 2017 లండన్ ఛాంపియన్‌షిప్‌ల శాంపిల్స్‌కి ఆ గడువు 2027 ఆగస్టుతో తీరిపోతుంది. మీ చివరి పదవీకాలం ముగిసేది కూడా 2027లోనే. లండన్‌లో 5,000, 10,000 మీటర్లు, మారథాన్‌లలో మొదటి ఎనిమిది స్థానాల్లో వచ్చినవాళ్ల శాంపిల్స్‌లో ఎన్నింటిని మళ్లీ పరీక్షించారు, ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిని ఎప్పుడు పరీక్షిస్తారు? దిగిపోయేలోపు జవాబు చెప్పండి.

ఇట్లు,
క్రాస్ కంట్రీ పరుగెత్తే ఒక తెలుగమ్మాయి తండ్రి