అమ్మమ్మకి, మిస్ మార్పుల్ సంగతులు
టార్కీ, ఇంగ్లండ్

అమ్మమ్మా,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమలాపురం డాక్టరు ఇచ్చిన మందులు వాడుతున్నావా, అలమరలో దాచావా? ఈ ఉత్తరం చిన్నోడి చేత చదివించుకో. వాడు మధ్యలో లైన్లు మింగేస్తే నీకెలాగూ తెలిసిపోతుంది.

ఇక్కడ చలికాలం నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఇంటికొచ్చి మిస్ మార్పుల్ అనే ముసలావిడ సీరియల్ చూస్తున్నాను. 1890లో ఈ ఊళ్ళోనే పుట్టిన అగాథా క్రిస్టీ సృష్టించిన మనిషి ఆవిడ. మొదటి నవల 1930లో వచ్చింది, మొత్తం 12. బీబీసీ వాళ్ళు 1984 నుంచి 1992 దాకా పన్నెండూ తీశారు. జోన్ హిక్సన్ అనే ఆవిడ వేసింది, ఆ కళ్ళు చూడాలి నువ్వు!

ఈ మార్పుల్ పోలీసూ కాదు, ప్లీడరూ కాదు. పెళ్ళి చేసుకోలేదు (అయ్యో పాపం అనకు, హాయిగానే ఉంది). ఊలు అల్లుకుంటూ, తోటలో కలుపు తీసే వంకతో వీధంతా చూస్తుంటుంది. హత్య జరిగితే ఇనస్పెక్టరు టైములూ సాక్ష్యాలూ పట్టుకుని తిరుగుతాడు. ఈవిడేమో ఇతన్ని చూస్తే మా ఊళ్ళో ఫలానా కుర్రాడు గుర్తొస్తున్నాడంటుంది. చివరికి అదే తేలుతుంది. ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. ఆ గుణం తమ ఇంటి పెద్దావిడదేనని రచయిత్రే చెప్పుకుంది. నాకు మాత్రం నువ్వు అరుగు మీంచి, "వీడిది వాళ్ళ తాత నడకే, అప్పిస్తే తిరిగి రాదు" అన్నట్టే వినబడుతుంది.

కొన్ని కథల్లో చావుకి విలువుండదు, శవం పక్కగదిలోనే టీలు తాగేస్తారు. అది నాకు నచ్చదు. కానీ 1953లో వచ్చిన నవల ఒకటుంది. గ్లాడిస్ అనే పనిపిల్లని చంపేసి, ముక్కుకి బట్టలారేసే క్లిప్పు పెట్టి పోతారు. అనాథ పిల్ల. పని నేర్పింది మార్పులే. సంగతి తెలిసి రైలెక్కి వచ్చేస్తుంది. అందరూ ఆ ఇంటి యజమాని చావు గురించే మాట్లాడుకుంటుంటే ఈవిడ కోపమంతా ఆ క్లిప్పు మీద. చంపింది చాలక ఎగతాళి కూడానా అని.

అక్కడే మన కొబ్బరి రాశి గొడవ గుర్తొచ్చింది. కాయలు పోతున్నాయని అందరూ దింపు తీసే ఆయన మీద పడ్డారు. నువ్వొక్కదానివే రాశి చుట్టూ తిరిగి, కాయలకంటిన నల్లబురద చూపించావు. కాలువలకి నీళ్ళు ఆపేశారు, బోదెలు బీటలు తీశాయి, చెట్టెక్కే మనిషి కాళ్ళకి తడి బురద ఎక్కడిదన్నావు. ఎవరి చేపల చెరువు పట్టుబడి జరుగుతోందో కనుక్కోమన్నావు. అంతే, మర్నాటి నుంచి ఒక్క కాయ పోలేదు. తాతయ్య ఆపిన కూలి డబ్బులు ఆయన చేతిలో పెట్టించి, నువ్వే దగ్గరుండి భోజనం పెట్టావు.

దొంగ పేరు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. నా అనుమానం మన చుట్టాల్లో ఒకాయన మీద. చిన్నోడు పైకి చదువుతాడు కదా, ఇక్కడ రాయను. ఆదివారం ఫోన్ చేస్తాను. పేరు నేనే చెప్తాను, నువ్వు ఊఁ అను చాలు. ముందే తెలిసే బురద వెతికావా, బురద చూశాకే తెలిసిందా, అది కూడా చెప్పాలి మరి.

నీ మనవరాలు