తేయాకు ధర తగ్గిన ఏడాదే తిరుగుబాటు ముదిరింది

సంపాదకుల వారికి,

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 250 ఏళ్ల సందర్భంగా పత్రికల్లో వస్తున్న ప్రత్యేక వ్యాసాల్లోనూ, పోటీ పరీక్షల గైడ్లలోనూ ఒకే మాట తిప్పితిప్పి కనిపిస్తోంది: ‘బ్రిటన్ తేయాకు మీద పన్ను పెంచింది, కాలనీల ప్రజలు తిరగబడ్డారు’ అని. ఇది పొరపాటు. 1773 నాటి తేయాకు చట్టం ఒక్క పెన్నీ కూడా పెంచలేదు. పౌను తేయాకుకు 3 పెన్నీల సుంకం 1767 నుంచే ఉంది. కొత్త చట్టం దాన్ని ముట్టుకోకుండా, బ్రిటన్‌లో కట్టే దిగుమతి సుంకాన్ని మాఫీ చేసింది. లండన్ వేలంపాటలు, టోకు వర్తకులు ఏమీ లేకుండా ఈస్టిండియా కంపెనీయే నేరుగా ఓడల్లో సరుకు పంపుకునే వీలిచ్చింది. దాంతో కంపెనీ తేయాకు డచ్చివాళ్ల దొంగ సరుకుతో పోటీపడేంత చౌకయింది. సరుకు చౌకయితే మాసచూసెట్స్ కాలనీలోని బోస్టన్ రేవులో దాన్ని నీళ్లలో పారబోసేదాకా (అదే బోస్టన్ టీ పార్టీ) జనం ఎందుకు తిరగబడ్డారన్నదే అసలు ప్రశ్న. గైడ్లు ఆ ప్రశ్న జోలికే పోవు.

ఇలా జరగడం అది మొదటిసారి కూడా కాదు. 1764 చక్కెర చట్టం బెల్లపు మడ్డి (మొలాసెస్) మీద గాలనుకు 6 పెన్నీల సుంకాన్ని 3కి తగ్గించింది. అంతకుముందు ఆ 6 పెన్నీలు పేరుకే ఉండేవి, సుంకం అధికారి చెయ్యి తడిపితే సరిపోయేది. ఇప్పుడు రేటు సగం చేసి, వసూలు మాత్రం నిజంగా మొదలుపెట్టారు. కేసులు స్థానిక జ్యూరీ ముందుకొస్తే నిందితుడు బయటపడతాడని తెలిసి, జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాలకు తరలించే ఏర్పాటు చేశారు. అదే ఏడాది కరెన్సీ చట్టం కాలనీలు చెల్లుబాటయ్యే కాగితపు డబ్బు అచ్చువేయకుండా కట్టడి చేసింది. మరుసటి ఏడాది అచ్చు కాగితాలకూ దస్తావేజులకూ ముద్ర వేసిన కాగితమే వాడి పన్ను కట్టాలన్న స్టాంపు చట్టం వచ్చింది. ఆ పన్నేమో నాణ్యమైన బ్రిటిష్ డబ్బులోనే కట్టాలి! ఒక చేత్తో నగదు బిగించి, రెండో చేత్తో నగదే అడిగారు.

స్టాంపు చట్టం బాధ ఏమిటో పత్రికలవారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. పత్రికలో వేసే ఒక్కో ప్రకటనకు 2 షిల్లింగులు, పేకముక్కల కట్టకు 1 షిల్లింగు, వకీలు సన్నదుకు 10 పౌండ్లు. అంటే దెబ్బ సరిగ్గా రాయగలవాళ్ల మీదా, వాదించగలవాళ్ల మీదా, అచ్చు వేయగలవాళ్ల మీదా పడింది. 1765 నవంబర్ 1న అది అమల్లోకి వచ్చే వేళకు స్టాంపు కాగితం అమ్మాల్సిన అధికారులు దాదాపు అన్ని కాలనీల్లోనూ జనానికి జడిసి రాజీనామా చేసేశారు. 1766 మార్చిలో చట్టం రద్దయింది. గైడ్లు ఇక్కడితో ఆపేస్తాయి. అదే రోజున ఇంకో చట్టం ఆమోదం పొందింది: ఏ విషయంలోనైనా సరే కాలనీలకు శాసనాలు చేసే అధికారం పార్లమెంటుకు ఉందని. డబ్బు వదులుకున్నారు గానీ పెత్తనం వదులుకోలేదు.

బ్రిటన్ వైపు వాదన కూడా న్యాయంగా చెప్పాలి. 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధం ఆ దేశం నెత్తిన దాదాపు 13 కోట్ల పౌండ్ల అప్పు పెట్టింది. కాలనీల రక్షణకు సైన్యం ఉంచాలి, ఆ ఖర్చులో కొంతైనా అక్కడివాళ్లే భరించాలన్నారు. బ్రిటన్‌లోని మనిషి కట్టే పన్నుతో పోలిస్తే కాలనీవాసి కట్టేది చాలా తక్కువ. పార్లమెంటులో మా సభ్యుడు లేనిదే మాకు పన్నేమిటని కాలనీవాళ్లు అంటే, ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు కూడా సభ్యుడు లేడు కదా, మీకెందుకు అని కూడా అడిగారు. ఆ లెక్కలన్నీ నిజమే. కానీ అవతలివాళ్ల లెక్క వేరు.

మాసచూసెట్స్ లాంటి చోట గవర్నర్ జీతాన్ని స్థానిక శాసనసభ ఏటేటా మంజూరు చేసేది. గవర్నర్ మొండికేస్తే జీతం ఆలస్యమయ్యేది. రాజు నియమించిన మనిషికి వాళ్లు వేసిన కళ్లెం అదే. 1767 సుంకాల చట్టం తాను వసూలు చేసే డబ్బుతో గవర్నర్లకు, న్యాయమూర్తులకు జీతాలివ్వొచ్చని రాసుకుంది. ఆ సుంకాల్లో గాజు, సీసం, కాగితం, రంగుల మీద ఉన్నవి 1770లో ఎత్తేశారు, తేయాకుది మాత్రం ఉంచారు. 1772లో మాసచూసెట్స్ న్యాయమూర్తుల జీతాలు రాజే ఇస్తాడన్న వార్త పొక్కింది. బోస్టన్‌లో ఉత్తరప్రత్యుత్తరాల కమిటీ పుట్టింది ఆ నవంబరులోనే. ఓడరేవులోకి తేయాకు పెట్టెలు రావడానికి ఏడాది ముందే పల్లెపల్లెకూ ఉత్తరాలు నడిపే యంత్రాంగం సిద్ధమైపోయింది. కాబట్టి 3 పెన్నీల తేయాకు కొనడమంటే, తమ మీద తీర్పు చెప్పే జడ్జికి తమ చేతికందని జీతం సమకూర్చడమే. 1773లో ఆ 3 పెన్నీలు కూడా తీసేయమని పార్లమెంటులో సలహా వచ్చినా ప్రధాని నార్త్ ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఆ జీతాలే.

దానికి తోడు కంపెనీ తన సరుకు అమ్మిపెట్టడానికి కొద్దిమందినే ఎంచుకుంది. బోస్టన్‌లో వాళ్లలో గవర్నర్ హచిన్సన్ కొడుకులిద్దరున్నారు. మిగతా వర్తకులు, దొంగ సరుకు వాళ్లతో సహా, నోళ్లు వెళ్లబెట్టారు.

టీ పార్టీ 1773 డిసెంబర్ 16 రాత్రే ఎందుకు జరిగిందన్నది కూడా ఆవేశం కథ కాదు, గడువు కథ. ఓడ రేవుకొచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే సుంకం అధికారులు సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. మొదటి ఓడ డార్ట్‌మత్ నవంబర్ 28న వచ్చింది. గడువు డిసెంబర్ 17. సుంకం కట్టకుండా వెనక్కి వెళ్లడానికి గవర్నర్ అనుమతి ఇవ్వలేదు. ఫిలడెల్ఫియాలో ఓడ సరుకు దించకుండానే తిరిగిపోయింది, చార్లెస్టన్‌లో సరుకును గోదాములో పడేశారు. బోస్టన్‌లో మాత్రం ఏ దారీ మిగల్లేదు. ముందురోజు రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు, దాదాపు 42 టన్నులు, నీళ్లపాలయ్యాయి. కంపెనీ లెక్కగట్టిన నష్టం 9,659 పౌండ్లు. అన్నట్టు, అది మన దేశపు తేయాకని కొందరు రాస్తున్నారు. అది చైనా సరుకు. అస్సాం తోటలు 19వ శతాబ్దం మాట.

మనకు నిజమైన సంబంధం వేరేచోట ఉంది. 1765 మార్చిలో స్టాంపు చట్టం, ఆగస్టులో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి కంపెనీకి బెంగాల్ దివానీతో (శిస్తు వసూలు హక్కుతో) పాటు మన ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) ఫర్మానా. మరుసటి ఏడాది ఆ సర్కారుల మీదే నిజాంతో ఒప్పందం. ఈ సంపాదన చూసి బ్రిటన్ ప్రభుత్వం ఏటా 4 లక్షల పౌండ్లు వాటా అడిగి తీసుకుంది. 1770 బెంగాల్ కరువు, యుద్ధ ఖర్చులు, గోదాముల్లో అమ్ముడుపోని తేయాకు గుట్టలు కలిసి 1772కల్లా కంపెనీ కుదేలైంది. దాన్ని నిలబెట్టడానికి 1773లో ఇచ్చినవి మూడు: 14 లక్షల పౌండ్ల అప్పు, కంపెనీ పాలన మీద అజమాయిషీ పెట్టిన రెగ్యులేటింగ్ చట్టం, తేయాకు చట్టం. మన విద్యార్థి రెగ్యులేటింగ్ చట్టాన్ని ఒక పాఠంలో, బోస్టన్‌ను ఇంకో పాఠంలో బట్టీపడతాడు. ఒకే అప్పులవాడి ఇంట్లోంచి వచ్చిన కాగితాలవి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, బెంగాల్లో చేసిన పాపం బోస్టన్ రేవులో తేలింది.

1774లో బ్రిటన్ బోస్టన్ రేవు మూసేసి, మాసచూసెట్స్ ఊరి సభలకు సంకెళ్లు వేశాక 12 కాలనీలు ఫిలడెల్ఫియాలో కూడాయి. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి. అప్పటికీ చాలామంది స్వాతంత్ర్యం అనలేదు. ఆ మాట అధికారికంగా అనడానికి ఇంకో 14 నెలలు పైగా పట్టింది.

చివరకు 1776 జూలై ప్రకటనలో రాజు మీద రాసిన ఫిర్యాదులు 27. వాటిలో పన్ను 17వది, ఒక్క వాక్యం. న్యాయమూర్తుల జీతాల గోడు 9వది. 27వ ఫిర్యాదు మాత్రం పాఠాల్లో ఎవరూ చూపించరు. ‘రాజు మా మధ్య తిరుగుబాట్లు రేపుతున్నాడు’ అన్నది అందులో మొదటి మాట. వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ 1775 నవంబరులో తిరుగుబాటుదార్ల బానిసలు తన వైపు వస్తే విముక్తి ఇస్తానని ప్రకటించాడు మరి. రెండో మాట స్థానిక తెగలను అనాగరికులని తిట్టడం. అప్పటి సుమారు 25 లక్షల జనాభాలో ఐదో వంతు బానిసలే. ‘ప్రజలు తిరగబడ్డారు’ అని రాసేటప్పుడు ఏ ప్రజలో కూడా రాయాలి.

పాఠ్యపుస్తకాలు సవరించేవారికి, గైడ్లు అచ్చువేసేవారికి మా మనవి: ‘బోస్టన్ టీ పార్టీకి కారణం?’ అన్న ప్రశ్నకు ‘తేయాకు పన్ను పెంపు’ అన్న జవాబు కీ నుంచి తీసేయండి. ఆ స్థానంలో ‘3 పెన్నీల సుంకాన్ని కొనసాగిస్తూ కంపెనీయే నేరుగా తేయాకు పంపి అమ్ముకునే వీలివ్వడం’ అని పెట్టండి. ఒక్క వాక్యం పొడుగు పెరుగుతుంది, అంతే.

ఇట్లు,
కొందరు చరిత్ర ఉపాధ్యాయులు
రాజమహేంద్రవరం