ప్రహరీలతో సహా పాత లోగిళ్లను నమోదు చేయాలి

సంపాదకులకు నమస్కారం.

కోనసీమ పల్లెల్లో నడుమ ఆరుబయలు వదిలి కట్టిన మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. వారసులు దూరప్రాంతాల్లో స్థిరపడటం, మరమ్మతులు భారం కావడం ఇందుకు కారణాలు కనుక కూల్చవద్దని అందరినీ నిర్బంధించలేము. కానీ కూల్చేలోగా కొలతలు, పటాలు, ఛాయాచిత్రాలతో కూడిన నమోదు తప్పక జరగాలి.

ఇల్లు ఒక్కటే గీసి ఊరుకుంటే చాలదు. గాదె, పశువుల సావిడి, నుయ్యి, వీటన్నిటి చుట్టూ ఉన్న ప్రహరీ కలిస్తేనే లోగిలి. ప్రహరీ విషయంలో ఇటుకల కొలతలు, కట్టుబడికి వాడినది సున్నమా మట్టా అన్న సంగతి, గోడ మందం, తరువాత సిమెంటుతో అతికిన భాగాలు, పాత గుమ్మాలు మూసిన ఆనవాళ్లు విడివిడిగా రాసుకోవాలి. అన్నదమ్ముల వాటాలు ఎలా విడిపోయాయో, గోడ ఎక్కడ పడి మళ్లీ లేచిందో ఆ అతుకులే చెబుతాయి. 1996 నవంబరు తుపాను కోనసీమలో చేసిన విధ్వంసాన్ని చూసినవారికి ఈ తొందర ఎందుకో వివరించనక్కరలేదు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే డ్రోన్ల సాయంతో హద్దులను గుర్తించడానికి ఉద్దేశించినదే గానీ, హద్దుగా నిలిచిన గోడ వయసును, కట్టుబడిని తేల్చడం దాని పని కాదు. యజమానుల అనుమతితో గ్రామ సచివాలయ సిబ్బంది, స్థానిక కళాశాలల విద్యార్థులు ఆ పని చేపట్టేలా, నమోదు ప్రతులు యజమానికి, పంచాయతీకి, పురావస్తు శాఖకు అందేలా జిల్లా యంత్రాంగం ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అమలాపురం