తాళం పగల్లేదు, ట్రైలరే పోయింది: మీ సెక్యూరిటీ సెట్టు మీద ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నెల మీ డల్లాస్ షాపులో 85 డాలర్లు పెట్టి "పూర్తి ట్రైలర్ సెక్యూరిటీ సెట్" కొన్నాను. కౌంటర్ దగ్గర మీవాళ్లు తెలుగులోనే మాట్లాడి, తెలుగులోనే భరోసా ఇచ్చారు కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. రసీదు, పోలీసు రిపోర్టు, ఫొటోలు జతచేశాను.

ఉద్యోగం మారి ఫీనిక్స్ వెళ్తున్నాం. సామాను చాలావరకు మూవర్స్‌కి అప్పజెప్పి, పరాయి చేతికి ఇవ్వడానికి మనసొప్పనివి మాత్రం చిన్న పెట్టె ట్రైలర్‌లో సర్దుకుని కారుకి తగిలించుకున్నాం. ఎల్‌పాసో చేరేసరికే 600 మైళ్లు దాటుతుంది, రాత్రికి అక్కడ ఆగక తప్పదు. నా టెన్షన్ అంతా ఆ ఒక్క రాత్రి గురించే. అందుకే మీ సేల్స్‌మ్యాన్‌ని సూటిగా అడిగాను: "ట్రైలర్ విప్పం, కారుకే ఉంచి పడుకుంటాం. ఇది సరిపోతుందా?" "ఇంకేం అక్కర్లేదు సార్, నిశ్చింతగా పడుకోండి" అన్నారు.

తెల్లవారుజామున మోటెల్ మెట్లు దిగి చూస్తే కారు ఉంది, ట్రైలర్ లేదు. వెనక టైరు పక్కన వంకీ తిరిగిన ఇనుప పిన్ను ఒకటి, దాని క్లిప్పు పడి ఉన్నాయి. పగిలిన ముక్క లేదు, కోసిన రజను లేదు. మీ తాళంచెవులు రెండూ నా జేబులోనే ఉన్నాయి.

పోలీసాయన కారు వెనక మోకాళ్ల మీద కూర్చుని చూపిస్తే గానీ నాకు అర్థం కాలేదు. మీ సెట్టులో ఉన్నవి రెండు తాళాలు. ఒకటి ట్రైలర్ తలుపుకి, రెండోది ట్రైలర్ ముక్కు కారు వెనకుండే ఇనుప బాల్ మీద కూర్చున్నాక దాన్ని పట్టి ఉంచే లాచ్‌కి. కానీ ఆ బాల్ బిగించిన కడ్డీ కారు కింద 2 అంగుళాల చదరపు గొట్టంలోకి దూరి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది 5/8 అంగుళం లావు పిన్ను ఒక్కటే. దానికి తాళం లేదు. క్లిప్పు లాగితే పిన్ను చేతికొచ్చేస్తుంది. గొలుసుల కొక్కేలు తప్పించి, లైట్ల వైరు పీకి, ట్రైలర్‌ని జానెడు వెనక్కి నెడితే కడ్డీతో సహా ఊడి వస్తుంది. అదే కడ్డీని వేరే పికప్ గొట్టంలో దూర్చుకుని లాక్కుపోయి ఉంటారని ఆయన చెప్పారు. మీ తాళం వేసింది వేసినట్టే ఉండి, ట్రైలర్‌తోపాటే వెళ్లిపోయింది.

ఆ పిన్ను బదులు పెట్టే తాళం పిన్ను మీ షాపులోనే, పక్క అరలోనే ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే కొనేవాణ్ని. కనీసం ట్రైలర్ వెనక భాగం గోడకి ఆనించి పార్క్ చేయమన్నా చేసేవాణ్ని. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే కడ్డీ బయటికి రాదు కదా.

పోయినవాటిలో మా అమ్మ వాయించిన బొబ్బిలి వీణ ఉంది. ఒకే పనస దుంగలోంచి తొలిచింది. అమ్మ లేదు. మా పాప సరళీ స్వరాలు దాని మీదే మొదలుపెట్టింది. పడుకోబోతూ "వీణ బయట ఉంటే ఫర్వాలేదా నాన్నా?" అని అడిగితే, మీరు నాకు చెప్పిన మాటే నేను దానికి చెప్పాను.

ఇంత జరిగాక మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు నన్ను ఇంకా బాధపెట్టింది. డబ్బా మీద 1,500 డాలర్ల దొంగతనం గ్యారంటీ అని రాసి ఉంది. ఫోన్ చేస్తే "పగిలిన తాళం పంపండి" అన్నారు. పగల్లేదు, ట్రైలర్‌తోనే పోయిందంటే "అయితే క్లెయిమ్ వర్తించదు" అని పెట్టేశారు. తాళం పగలాల్సిన అవసరమే లేకుండా ట్రైలర్ పోయేలా ఉన్నది మీ సెట్టే. ఆ లోపాన్ని చూపించి నా క్లెయిమ్ ఎలా కొట్టేస్తారు?

నా 85 డాలర్లు వెనక్కి ఇవ్వండి. గ్యారంటీ సొమ్ము 1,500 డాలర్లు చెల్లించండి. ఆ సెట్టులో తాళం పిన్ను కూడా చేర్చండి, లేదంటే డబ్బా మీద "పూర్తి" అనే మాట తీసేయండి. ఈ వేసవిలో ఇదే డబ్బా కొని, ఇదే ధైర్యంతో ఏదో ఒక మోటెల్ ముందు ట్రైలర్ వదిలి నిద్రపోయే కుటుంబాలు ఇంకా ఉంటాయి. వాళ్లకి ఫోన్ చేసైనా ఈ సంగతి చెప్పండి. మీ దగ్గర నంబర్లు ఉన్నాయి, బిల్లు వేసేటప్పుడు నాదీ తీసుకున్నారు.

టెక్సాస్ వినియోగదారుల చట్టం ప్రకారం దావా వేసే ముందు 60 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఈ ఉత్తరాన్నే ఆ నోటీసుగా తీసుకోండి. జవాబు ఫోన్‌లో కాదు, రాతలో పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్