ఎండిందని చెప్పి ఇచ్చిన పనస పలకల గురించి

సీజనింగ్ ప్లాంటు మేనేజర్ గారికి,

నమస్కారమండి. నేను కోనసీమలో ముప్ఫై ఏళ్లుగా వడ్రంగం పని చేస్తున్నాను. మార్చిలో మా పెరటి పనస మాను కోయించి, పద్నాలుగు పలకలు వేడి గదిలో త్వరగా ఆరబెట్టించడానికి మీ ప్లాంటుకి తెచ్చి ఇచ్చాను. అందులో ఎనిమిది అంగుళం మందానివి, ఆరు రెండంగుళాలవి. పన్నెండు రోజులకి పిలిచి, 'తేమ 10 శాతం' అని కాగితం రాసి ఇచ్చి, 18,600 రూపాయలు తీసుకున్నారు. ఆ కాగితంలో రాసింది నిజం కాదు.

ఆ చెట్టు మా నాయనమ్మ నాటింది. నిరుడు గాలివానకి వేళ్లతో సహా ఒరిగిపోయింది. మర్నాడే కొమ్మలు కొట్టేసి, దుంగ రెండు కొసలకీ మందంగా పెయింటు పూశాను. కర్రలో నీరు కొసల్లోంచే తొందరగా పోతుంది, అక్కడే నెర్రెలు మొదలవుతాయి. మాను నడిమి బొడ్డు ఏ పలకలోకీ రాకుండా దగ్గరుండి కోయించాను. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడన ఆరబెట్టాలని మా నాన్న చెప్పేవారు. ఆ లెక్కన రెండంగుళాలకి రెండేళ్లు. మా అమ్మకి ఎనభై దాటాయి. ఈ చెట్టు చెక్కతో చేసిన ఉయ్యాల బల్ల మీద ఆవిడ కూర్చోవాలని నా ఆశ. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

మొన్న ఉయ్యాల బల్లకని ఒక రెండంగుళాల పలకని నిలువునా చీలుస్తుంటే రంపం మధ్యలో బిగుసుకుపోయింది. రెండు బద్దలూ రంపాన్ని నొక్కేస్తూ లోపలికి ముడుచుకున్నాయి. సీల పెట్టి విడదీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. పైన చిత్రిక పట్టిన చోట పసుపు రంగులో నున్నగా ఉంది, ఎక్కడా గీత లేదు. లోపల చేవలో మాత్రం తేనెతుట్టెలా పగుళ్లు. వేలి గోరు దిగేంత వెడల్పు.

నడిమి నుంచి చిన్న ముక్క కోసి తూచాను, 236 గ్రాములు. ఓవెన్‌లో 103 డిగ్రీల వేడిలో, ఇక బరువు తగ్గదనే వరకూ ఉంచాను. 196 గ్రాములకి వచ్చి ఆగింది. నలభై గ్రాముల నీరు, అంటే ఎండిన కర్ర బరువులో 20 శాతం పైనే. మీ వాళ్లు తేమ కొలిచే మీటరు ముళ్లు పైపైన గుచ్చి పది అని రాశారు. పై పొర ఎండింది, లోపలిది ఎండలేదు. మా సముద్రం పక్క ఊళ్లో పన్నెండు, పద్నాలుగు ఉన్నా నేను పని చేసుకోగలను. ఇరవైతో చేస్తే అతుకులు విడిపోతాయి.

అంగుళం పలకలూ రెండంగుళాల పలకలూ ఒకే లోడులో వేశారని మీ సూపర్‌వైజర్ గారే ఫోన్లో ఒప్పుకున్నారు. పలచనివాటికి సరిపోయిన వేడి మందంవాటికి ఎక్కువైంది. మొదటి రోజుల్లోనే పై పొర బిగుసుకుపోతే లోపలి నీరు బయటికి రాదు, ఆ తర్వాత లోపలిది కుంచించుకుంటూ చీలిపోతుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన విషయమా? ఆయన మాత్రం 'పనస అంతేనండి, పగులుతుంది' అనేశారు. మా తాతగారి నాటి పనస తలుపులు ఇప్పటికీ మా ఇంటికి ఉన్నాయి. ఒక్క నెర్రె లేదు. చెట్టు మీద నింద వెయ్యకండి.

నేను అడిగేది ఇదీ. నా లోడుకి ఏ రోజు ఎంత వేడి, ఎంత తేమ పెట్టారో ఆ రికార్డు ఇవ్వండి. మిగిలిన అయిదు మందం పలకల కొసలు నా ఎదురుగా కోసి, లోపల పగిలాయో లేదో చూడండి. బాగున్నవాటికి ఆవిరి పట్టి బిగువు వదిలించి, నెమ్మదిగా మళ్లీ ఆరబెట్టండి, దానికి డబ్బు అడగొద్దు. పగిలిన పలకల మీద తీసుకున్న సొమ్ము, కర్ర విలువ తిరిగి ఇవ్వండి. అంగుళం పలకలకి కూడా ముక్క కోసి తూచి చూపించండి, మీటరు లెక్క నేనిక నమ్మను.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కోసిన పలక, తూచిన ముక్క, మీ సర్టిఫికెట్, మూడూ భద్రంగా దాచాను. మీ మనిషి ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చు. వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తే ఇంటి దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్