చిన్నీ, అప్పుడు నీకు చెప్పని సంగతులు

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదే. మీ నాన్నేమో హాయిగా గురక పెడుతున్నారు, నేను లేచొచ్చి వంటింట్లో లైటేసుకుని ఇది టైప్ చేస్తున్నా. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపిస్తే ఆఫీసులో చూసీ చూడనట్టు చూసి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు, అందుకే ఉత్తరంలా రాస్తున్నా, కూర్చుని చదువు, అల్లుడబ్బాయికి కూడా చూపించు.

గురువారం థైరాయిడ్ గ్రంథి తీసే ఆపరేషన్ పెట్టుకుని వారం ముందు చెప్తావా అని నిన్న అరిచాను కదా. అప్పట్నించీ ఆలోచిస్తే ఆ మాట అనడానికి నాకు మొహం లేదనిపించింది. 2016 ఫిబ్రవరిలో నాకు ఇదే ఆపరేషన్ అయితే నువ్వు బీటెక్ మూడో సంవత్సరం, ఇంటర్నల్స్ ఉన్నాయని నీకు చెప్పనే లేదు. హాస్టల్ నించి ఫోన్ చేసి ఏంటమ్మా గొంతు అలా ఉంది అంటే జలుబే అన్నా, నెల తర్వాత అడిగినా జలుబే అన్నా. నువ్వు సెలవలకొచ్చి మెడ మీద గీత చూసి ఎంత ఏడ్చావో నాకింకా గుర్తుంది. అప్పుడు కూడా ఏం లేదే చిన్న ఆపరేషన్ అని దాటేశాను గానీ అసలు ఏం జరిగిందో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తా, పనికొస్తుంది.

ముందు మెలకువ వచ్చేటప్పటి సంగతి. నాకు కోసిన చోటు పెద్దగా నొప్పి లేదు తెలుసా, నొప్పంతా మెడ వెనక, భుజాల్లో. ఆపరేషన్ టేబుల్ మీద భుజాల కింద దిండులాంటిది పెట్టి తల బాగా వెనక్కి వంచేస్తారు, గంటలకొద్దీ అలాగే ఉంచుతారు, అందుకని. అది తెలీక నేను నరం ఏదో తెగిపోయిందని భయపడిపోయాను. గొంతు లోపల కూడా మంటగా ఉంటుంది, మత్తిచ్చినప్పుడు ఊపిరికి గొట్టం వేస్తారు కదా, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. పక్కన సన్న గొట్టం పెట్టి చిన్న డబ్బా తగిలిస్తారు రక్తం నీరు దిగడానికి, అందరికీ పెట్టరట, పెట్టినా ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. తీసేటప్పుడు చురుక్కుమంటుంది, అంతే. తల వైపు మంచం ఎత్తి పడుకోవాలి, ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు రెండు మూడు దిళ్ళు వేసుకో. మంచం మీంచి లేచేటప్పుడు తల వెనక చెయ్యి పెట్టుకుని పక్కకి తిరిగి లే, ఇది నాకొక నర్సమ్మ చెప్పింది, పది మాత్రలు ఇవ్వని సుఖం ఆ చిట్కా ఇచ్చింది.

మొదటి రాత్రి నీ పక్కన నేనే ఉంటా, ఇందులో మాత్రం వాదన వద్దు. ఎందుకంటే ఈ ఆపరేషన్‌లో అరుదుగా లోపల రక్తం చేరుతుంది, చాలావరకు మొదటి 24 గంటల్లోనే. మెడ గబగబా ఉబ్బుతున్నా, బిగుసుకుపోయినట్టున్నా, ఊపిరి కష్టమైనా ఒక్క నిమిషం ఆగకుండా నర్సుని పిలవాలి. తెల్లారాక రౌండ్స్‌కొచ్చిన డాక్టరుకి చెప్దాంలే అనుకునే సంగతి కాదు అది. నీకు మత్తులో తెలియకపోవచ్చు, అందుకే పక్కన మెలకువగా ఒక మనిషి ఉండాలి. అబ్బాయి బాబుని చూసుకుంటాడు.

ఇక అసలు సంగతి. నన్ను మూడో రోజు మధ్యాహ్నం డిశ్చార్జ్ చేశారు. ఇంటికొచ్చా, అందరూ చూడ్డానికొచ్చారు, పిన్ని పెసరకట్టు చేసి తెచ్చింది, బాగానే ఉంది. సాయంత్రం నించి పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు జివ్వుమనడం మొదలైంది, తర్వాత వేళ్ళ కొసలు. నీరసం అనుకున్నా, తినక అనుకున్నా, మీ నాన్న హార్లిక్స్ కలిపిచ్చారు. రాత్రి పదింటికి చేతి వేళ్ళు వాటంతటవే దగ్గరికి ముడుచుకుపోయాయి చిన్నీ, విప్పుదామంటే రావట్లేదు. పక్షవాతం వచ్చిందనుకున్నారు మీ నాన్న, ఆ మనిషిని ఏడుస్తుండగా అప్పుడే చూశా. ఆటోలో మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తాం. రక్తంలో కాల్షియం పడిపోయిందని సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించారు, గంటలో వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. ఇదంతా మాకు ముందే చెప్పలేదేంటండీ అంటే డిశ్చార్జ్ కాగితంలో రాశాం కదా అన్నారు. రాశారు, నిజమే, ఇంగ్లీషులో, రెండో పేజీ కింద, చిన్న అక్షరాల్లో. నోటితో ఒక్క ముక్క చెప్తే ఏం పోయిందో.

ఎందుకలా అవుతుందంటే థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు, రక్తంలో కాల్షియాన్ని చూసుకునేది అవే. డాక్టర్లు వాటిని జాగ్రత్తగా ఉంచే ప్రయత్నం చేస్తారు గానీ అంత దగ్గర కత్తి ఆడితే వాటికి రక్తం అందడం తగ్గి కొన్నాళ్ళు పని మానేస్తాయి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో మళ్ళీ లేస్తాయి, కొద్దిమందికే ఎప్పటికీ మాత్రలు కావాల్సొస్తుంది. కాల్షియం బాగా పడిపోయేది రెండో రోజు, మూడో రోజు, అంటే సరిగ్గా ఇంటికొచ్చేసి హమ్మయ్య అనుకునే టైముకి. కాబట్టి డిశ్చార్జ్ అయ్యే ముందు మూడు ప్రశ్నలు అడుగు: నా కాల్షియం ఎంతుంది, తిమ్మిరి వస్తే ఇంకో మాత్ర వేసుకోవచ్చా, రాత్రి పూట ఎవరికి ఫోన్ చెయ్యాలి. తిమ్మిరి మొదలైతే ఊరుకోవద్దు, వేళ్ళు ముడుచుకుంటే ఫోన్ కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. కాల్షియం మాత్రలతో మలబద్ధకం వస్తుంది, సిగ్గుపడకుండా దానికీ మందు రాయించుకో, నీళ్ళు బాగా తాగు.

గొంతు గురించి నువ్వడగలేదు కానీ నీ మనసులో అదే ఉందని నాకు తెలుసు, రోజంతా కాల్స్‌లో మాట్లాడే ఉద్యోగం కదా. గొంతు నరాలు థైరాయిడ్‌కి ఆనుకునే వెళ్తాయి, రెండు పక్కలా. వాటికి కాస్త వాపొచ్చినా గొంతు బొంగురుపోతుంది, త్వరగా అలిసిపోతుంది. చాలామందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నాకు మూడు నెలలు పట్టింది. తెలుగు టీచరు గొంతు పోతే ఏముంటుంది చెప్పు, పద్యం బోర్డు మీద రాసి పిల్లల చేత చదివించేదాన్ని, వెనక బెంచీ వాడు అల్లరి చేస్తే సుద్దముక్క విసరడం తప్ప మార్గం లేదు. తర్వాత ఈఎన్‌టీ దగ్గర కెమెరా పెట్టి చూపించుకుని స్పీచ్ థెరపీకి వెళ్ళా, ముందే వెళ్ళాల్సింది. మాట మామూలుగా వచ్చేసింది కానీ పద్యం పై స్థాయిలో అందుకోవాలంటే మాత్రం ఇప్పటికీ జారిపోతుంది. మన మేడ మీంచి కూరగాయల బండివాణ్ణి కేకేయలేను, గమనించే ఉంటావు, మీ నాన్న చేత కేకేయిస్తా. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు, కాదు, దానికే ఎక్కువ కష్టం. మెల్లగా మామూలు గొంతుతోనే తక్కువ మాట్లాడు. రెండు వారాలు ఆఫీసు కాల్స్ ఎవరికన్నా అప్పజెప్పు.

మాత్ర సంగతి. గ్రంథి మొత్తం తీసేస్తున్నారు కాబట్టి అది తయారుచేసే హార్మోన్‌కి బదులు థైరాక్సిన్ మాత్ర జీవితాంతం. స్విట్జర్లాండ్‌లో కోకర్ అని ఒక సర్జన్ ఉండేవాడట, థైరాయిడ్ మీద చేసిన పనికి 1909లో నోబెల్ ఇచ్చారు. ఆయన చేతిలో ఆపరేషన్లు చక్కగా అయ్యేవి కానీ గ్రంథి మొత్తం తీసినవాళ్ళు కొన్నాళ్ళకి ఉబ్బిపోయి మందకొడిగా తయారవుతున్నారని 1883లో ఆయనే బయటపెట్టాడు, అప్పటికి ఈ మాత్ర లేదు మరి. ఇప్పుడు చింతగింజలో సగం కూడా లేని మాత్రతో సరిపోతుందంటే మనం అదృష్టవంతులమే కదా (టీచరు బుద్ధి పోదు, క్షమించు).

పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకో, కాఫీ టిఫిన్ కనీసం అరగంట ఆగి, గంటైతే ఇంకా మంచిది. నీకు కళ్ళు తెరవగానే కాఫీ పడాలి, అదే పెద్ద శిక్ష అవుతుంది నీకు. కాల్షియం మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రైనా అంతే, రెండూ కలిపి మింగితే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. డోసు బరువుని బట్టి, కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాములు, 62 కిలోలున్న నాకు 100 రాశారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేసి, డోసు పెంచుతారు, తగ్గిస్తారు, ఒక్కసారికే కుదరకపోవచ్చు. ఈలోపు ఊరికే అలసట, చలి, చిన్నదానికీ ఏడుపు రావచ్చు, నేను ఒకసారి పాలు పొంగిపోయాయని అరగంట ఏడ్చా. అది నీ మనసు బలహీనత కాదే, డోసు ఇంకా కుదరలేదంతే. థైరాయిడ్ తీస్తే లావైపోతారని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, డోసు సరిగ్గా పడితే అంత భయం అక్కర్లేదు.

తిండి విషయంలో మీ అత్తగారు క్యాబేజీ, కాలీఫ్లవర్ ఇంట్లోకి రానివ్వరని నాకు తెలుసు. ఆవిడతో గొడవ పడకు కానీ, అసలు లేని థైరాయిడ్‌ని క్యాబేజీ ఏం చేస్తుందే? మొదటి నాలుగు రోజులు మెత్తగా, గోరువెచ్చగా ఉండేవి తిను, ఇడ్లీ, జావ, పెరుగన్నం. ఆవకాయ వారం ఆగు, గొంతు మండిపోతుంది. కుట్ల మీద పసుపు రాయడాలు, కొబ్బరినూనె రాయడాలు వద్దు, ఎవరు చెప్పినా సరే. గాయం మానాక డాక్టరు చెప్తే సిలికాన్ జెల్ రాయొచ్చు. గీత చుట్టూ గట్టిగా, పై భాగం ఉబ్బుగా ఉంటుంది, మింగుతుంటే లోపల లాగినట్టు అవుతుంది, నెలా రెండు నెలల్లో మెత్తబడుతుంది. ఎర్రదనం పోవడానికి ఆర్నెల్ల నించి ఏడాది. ఎండ తగలనివ్వకు, నల్లబడుతుంది. నల్లపూసలు రాపిడికి కొన్నాళ్ళు తీసేయాల్సిందే. మంగళసూత్రం నేను వార్డులో చేతికి కట్టుకున్నా, ఆపరేషన్ గదిలోకి మాత్రం అదీ తీయించారు, మీ నాన్న జేబులో ఉంది ఆ పూట.

బాబు 13 కిలోలున్నాడన్నావు, రెండు మూడు వారాలు వాణ్ణి ఎత్తుకోవద్దు. నువ్వు మంచం మీద కూర్చుంటే వాడే ఎక్కి ఒళ్ళోకొస్తాడు. స్కూటీ కూడా మెడ రెండు పక్కలా నొప్పి లేకుండా తిరిగేదాకా ముట్టుకోకు.

బయాప్సీ రిపోర్ట్ వచ్చాక రేడియో అయోడిన్ (రేడియేషన్ ఉండే అయోడిన్ మందు) అవసరమని అనొచ్చు, అనకపోనూ వచ్చు. నీది పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అనే అనుమానం కదా, అది నిదానంగా పెరిగేదట, ఎక్కువమందికి వైద్యంతో బాగైపోతుందట, డాక్టరు నీకు చెప్పిందే నేనూ చెప్తున్నా. రేడియో అయోడిన్ ఇస్తే కొన్ని రోజులు బాబుకి దూరంగా ఉండాలి, అప్పుడు వాణ్ణి నేను మన ఊరు తీసుకొచ్చేస్తా. ఇప్పటినించే దాని గురించి నెట్‌లో వెతికి కూర్చోకు.

బుధవారం పొద్దున్నే దిగుతా. నైటీలు కొనకు, తల మీంచి వేసుకునేవి కొన్నాళ్ళు కష్టం, ముందు గుండీలున్నవి నాలుగు కుట్టడానికిచ్చా, లేత నీలం నీకు నచ్చకపోతే చెప్పు, టైలరు ఇంకా ఒకటి మొదలుపెట్టలేదు.

అమ్మ