జంబో ఉంది, నడిపేటోడు లేడు

మామా, ఎట్లున్నవ్ రా? నీ మెసేజ్ వచ్చి వారమైంది, తిట్టుకోకు, నైట్ షిఫ్టులల్ల ఉంటి. రోజుకు 12 గంటల పని, గట్ల 14 రోజులు, తర్వాత విమానమెక్కి పెర్త్‌ల వారం ఇంటికాడ. మావోడు "నాన్న ఎప్పుడు పోతడు" అనే అడుగుతడు గని ఎప్పుడొస్తడు అని అడగడు.

ఆస్ట్రేలియా గనులల్ల పని చేసెటోళ్లు దొరకట్లేదంట, నిజమేనా అని అడిగినవ్ కదా. నిజమే. మొన్న కింద ఒక జంబో, అదే రాయికి బొక్కలు కొట్టే బండి, లైట్లార్పి నిలబడ్డది. రిపేరేం లేదు, నడిపేటోడు జీతం ఎక్కువిస్తున్నరని బంగారం గనికి పోయిండు. మాది రాగి. రాయి చూస్తే ఇత్తడి లెక్క మెరుస్తది, కొత్తోళ్లు బంగారమే అనుకుంటరు, టన్ను తవ్వితే 20 కిలోల రాగి సుత రాదు!

మామూలు కారు కన్న ఎలక్ట్రిక్ కారుకు 6 రెట్లు ఖనిజాలు కావాలని ఐఈఏ (అంతర్జాతీయ ఇంధన సంస్థ) వాళ్లు 2021ల రాసిన్రు, ఖనిజం దొరికినంక అది బయటికి రానీకి సగటున 16 ఏండ్లు పడ్తదని సుత వాళ్లే చెప్పిన్రు. మరి తవ్వేటోడేడి? ఇక్కడి పోరగాళ్లు కాలేజీలల్ల మైనింగ్ సీట్లే తీసుకుంటలేరు. నాకైతే వాళ్ల తప్పు అనిపియ్యదు రా, 2022ల బ్యాటరీలల్ల వాడే లిథియం ధర ఆకాశంల ఉన్నప్పుడు కంపెనీలోళ్లు బతిమాలి పిలిచిన్రు, ధర పడంగనే ఇంటికి పంపిన్రు, 2024 అక్టోబర్ల బీహెచ్‌పీ అనే పెద్ద గని కంపెనీ వాళ్లు నికెల్ వెస్ట్ అనే తమ నికెల్ పని మొత్తం ఆపేసిరి, గట్ల ఒకసారి సామాన్లు సదురుకున్నోడు మళ్ల పిలిస్తే వస్తడా?

మన దగ్గర ఉల్టా కథ. 1990లల్ల లక్ష మందికి పైన ఉన్న సింగరేణిల ఇప్పుడు 40 వేల దగ్గర్లనే, వారసత్వ ఉద్యోగం కోసం పిల్లలు ఏండ్లకేండ్లు ఎదురుచూస్తున్నరు. కర్రతో గని పైకప్పు కొట్టి సప్పుడు విని రాయి కతేందో చెప్పే సర్దార్లు మన బొగ్గు బాయిలల్ల ఎంతమంది లేరు! ఆ చెవి పనితనానికి ఈడ చెల్లే కాయితం లేదు. నా ఫస్ట్ క్లాస్ గని మేనేజర్ సర్టిఫికెట్ చూసి సుత, ఇక్కడి చట్టం పరీక్ష రాయాల్సిందే అన్నరు, రాసిన.

అందుకే మీ బామ్మర్దికి చెప్పు, ఏజెంటుకు పైసలు కట్టొద్దు, ముందుగాల సెకండ్ క్లాస్ గని మేనేజర్ పరీక్ష పాసవ్వుమను, ఇంగ్లిష్ పరీక్ష రాయుమను. 2025ల సింగరేణికి కర్ణాటకల దేవదుర్గ్ కాడ బంగారం, రాగి వెతికే లైసెన్స్ వచ్చింది కదా, బొగ్గు కాకుండ రాయి పని నేర్చుకునే దారి ఆడనే దొరుకుతదేమో, అది సుత అడుగుమను.

సరే రా, బస్సు హారన్ కొడుతున్నడు. అమ్మకు మోకాలు ఎట్లున్నదో చెప్పు, ఆదివారం ఫోన్ చేస్త, ఎత్తు!